నిమజ్జనానికి ముందు సముద్రం మ్యాపు ఎలా చూడాలి?



వినాయక చవితి దగ్గర పడేకొద్దీ ఏటా మమ్మల్ని అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. నిమజ్జనం ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ బీచ్‌లో, పార్కింగ్ దొరుకుతుందా, ప్రసాదం గుళ్ళో ఇస్తారా అక్కడే ఇస్తారా. వీటితో పాటు ఇంకో ప్రశ్న కూడా అడిగితే బాగుంటుందని మాకు అనిపిస్తోంది: ఆ రోజు అక్కడి నీళ్ళూ గాలీ ఎలా ఉన్నాయి?

టాంపా చుట్టుపక్కల ఉంటున్న మనకు ఇది తేలిగ్గా తీసుకునే విషయం కాదు. ఫ్లోరిడా పడమటి తీరంలో రెడ్ టైడ్ ఎక్కువగా తలెత్తేది ఎండాకాలం చివర్లోనూ, ఆ తర్వాత వచ్చే ఫాల్ మొదట్లోనూ. అంటే మన శ్రావణ భాద్రపదాలు, ఆ వెనకే వచ్చే ఆశ్వయుజం. చవితి, నిమజ్జనం, దసరా సెలవుల్లో బీచ్ షికార్లు అన్నీ ఆ రోజుల్లోనే. పైగా ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉండేదీ అప్పుడే. ఉబ్బసం ఉన్న పెద్దాయన్ని, ఇన్‌హేలర్ వాడే పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని ఇసుకలో నిలబడి దగ్గుతూ ఆలోచించేకన్నా, ఇంట్లోంచి బయల్దేరేముందే రెండు నిమిషాలు ఫోను చూసుకోవడం మేలు. విజిటర్ ఇన్సూరెన్సు మీద ఎమర్జెన్సీ రూముకి వెళ్ళిన ఇంటివాళ్ళకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు.

చూడాల్సిన మ్యాపులన్నీ ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉన్నాయి. లాగిన్ అక్కర్లేదు, యాప్ కొనక్కర్లేదు. చిక్కంతా వాటిని చదవడంలోనే ఉంది. అందులో కనిపించే రంగుకు అర్థం తెలియకపోతే లేని భయమైనా పడతాం, లేకపోతే ఉన్న ప్రమాదాన్నైనా వదిలేస్తాం.

అసలు రెడ్ టైడ్ ఏమిటి

ఇది కెరటం కాదు, ఆటుపోట్లకు సంబంధించిందీ కాదు. కరెనియా బ్రెవిస్ అనే ఒంటికణపు జీవి సముద్రంలో విపరీతంగా పెరిగిపోతే దాన్ని రెడ్ టైడ్ అంటున్నారు. ఫ్లోరిడాలోనే దీని మీద ఏళ్ళ తరబడి పనిచేసిన శాస్త్రవేత్త కరెన్ స్టైడింగర్ గౌరవార్థం దానికి ఆ పేరు పెట్టారు. సాధారణంగా ఇది తీరానికి పదీ నలభై మైళ్ళ మధ్య దూరంలో గల్ఫ్ నీళ్ళలో మొదలవుతుంది (గల్ఫ్ అనగానే మనవాళ్ళకు దుబాయ్ గుర్తొస్తుంది, ఇది మన ఇంటి పక్క గల్ఫ్). అక్కణ్ణించి గాలులూ ప్రవాహాలూ దాన్ని ఒడ్డుకు నెడతాయి. ఒడ్డుకు చేరాక, నేల మీంచి కొట్టుకొచ్చే ఎరువులూ మురుగూ దానికి మేత కావచ్చు.

దీనిలో బ్రెవిటాక్సిన్ అనే విషం ఉంటుంది. అది చేపల నరాల మీద పనిచేస్తుంది. అందుకే గుట్టలుగా చచ్చి ఒడ్డుకు కొట్టుకొస్తాయి. మనకు ఇబ్బంది వేరే దారిలో వస్తుంది. ఈ కణం చాలా సున్నితమైంది, అలలు విరిగే చోట అదీ చితికిపోతుంది. లోపలి విషం నీటి తుంపరలో కలిసి గాలిలోకి లేస్తుంది. నీళ్ళలో కాలు పెట్టకపోయినా, ఒడ్డున నిలబడి హారతి చూస్తున్నవాళ్ళకు కూడా గొంతు గరగర, దగ్గు, కళ్ళ మంట వచ్చేది ఇందుకే. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు బీచ్ వదిలి వచ్చేస్తే చాలావరకు సర్దుకుంటుంది. ఆస్తమా, ఊపిరితిత్తుల జబ్బులు ఉన్నవాళ్ళకు అలా సర్దుకోకపోవచ్చు. రెడ్ టైడ్ ఉన్నప్పుడు వాళ్ళు ఆ బీచ్‌లకు దూరంగా ఉండాలని ఆరోగ్య శాఖ సలహా.

ఇది ఎప్పుడో ఒకసారి వచ్చిపోయేదని అనుకోవడానికి లేదు. 2017 చివర మొదలైన రెడ్ టైడ్ 2019 మొదటి నెలల దాకా పోలేదు. మధ్యలో 2018 ఆగస్టులో గవర్నరు అత్యవసర పరిస్థితి ప్రకటించాల్సి వచ్చింది. 2021 వసంతంలో పైనీ పాయింట్ దగ్గరి పాత ఫాస్ఫేట్ కర్మాగారం చెరువు నుంచి సుమారు 21.5 కోట్ల గ్యాలన్ల వ్యర్థ జలం టాంపా బేలోకి వదిలారు. ఆ ఎండాకాలమే బే లోపల రెడ్ టైడ్ ముదిరి, వందల టన్నుల చచ్చిన చేపల్ని ఎత్తిపోశారు. 'మనం వెళ్ళేది గల్ఫ్ వైపు బీచ్‌కి కాదు, బే లోపలికే, అక్కడ పరవాలేదు' అనేవాళ్ళు ఆ ఏడాదిని గుర్తు పెట్టుకోవాలి.

చుక్కల మ్యాపు

అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఫ్లోరిడా ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ కన్సర్వేషన్ కమిషన్ వాళ్ళ రెడ్ టైడ్ మ్యాపు. 'ఎఫ్‌డబ్ల్యూసీ రెడ్ టైడ్ మ్యాప్' అని వెతికితే వస్తుంది. ఫ్లోరిడా తీరం వెంట రంగురంగుల చుక్కలు కనిపిస్తాయి. వేలితో సాగదీసి దగ్గరికి తెచ్చుకోండి. ఫోర్ట్ డి సోటో, ట్రెజర్ ఐలాండ్, క్లియర్‌వాటర్, యానా మరియా, సియెస్టా కీ, ఇలా మనం ఎరిగిన చోట్లన్నీ అందులో దొరుకుతాయి.

ఒక్కో చుక్క అంటే ఒక్కో సీసా నీళ్ళు. ఎవరో ఒక మనిషి ఫలానా రోజు ఫలానా చోట నీళ్ళు పట్టాడు, ల్యాబులో మైక్రోస్కోపు కింద పెట్టి లీటరుకు ఎన్ని కరెనియా కణాలున్నాయో లెక్కపెట్టారు. చుక్క మీద నొక్కితే ఆ చోటు పేరు, తేదీ, లెక్క కనిపిస్తాయి. రంగు కన్నా ముందు తేదీ చూడటం అలవాటు చేసుకోమని మా మనవి. మ్యాపు గత 8 రోజుల నమూనాలన్నిటినీ కలిపి చూపిస్తుంది. ఈ శనివారం మీరు చూస్తున్న చుక్క పోయిన శనివారం తీసిన నీళ్ళది కావచ్చు. వారం రోజుల్లో సముద్రం చాలా మారుతుంది.

ఇక రంగులు. బూడిద రంగు అంటే లేదు, లేదా లీటరుకు 1,000 కణాల లోపు అని. తెలుపు 1,000 నుంచి 10,000 దాకా. పసుపు 10,000 నుంచి లక్ష. నారింజ లక్ష నుంచి పది లక్షలు. ఎరుపు అంటే పది లక్షలు దాటిందని. ఒక్కో మెట్టుకూ పదిరెట్లు పెరుగుతుందని గమనించండి. పసుపుకూ ఎరుపుకూ మధ్య రెండే మెట్లు కదా అనిపిస్తుంది గానీ తేడా వంద రెట్లుండచ్చు. తెలుపు చుక్క దగ్గరే సున్నితమైన వాళ్ళకు గొంతు పట్టే అవకాశం ఉంది. పసుపు దాటాక మామూలు వాళ్ళకూ దగ్గు రావచ్చు. నీళ్ళ రంగు మారి కంటికి కనిపించేది సాధారణంగా ఎరుపు చుక్క దగ్గరే. కాబట్టి 'నీళ్ళు నీలంగా, అద్దంలా ఉన్నాయి, ఏమీ లేదు' అని కళ్ళను నమ్మి దిగడం సరికాదు.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. బూడిద చుక్కకూ, అసలు చుక్కే లేని ఖాళీకీ చాలా తేడా ఉంది. బూడిద చుక్క ఉందంటే ఎవరో చూశారు, లేదని తేలింది. ఖాళీగా ఉందంటే ఈ 8 రోజుల్లో అక్కడ ఎవరూ నీళ్ళు పట్టలేదు, అంతే. రెడ్ టైడ్ దుప్పటిలా పరుచుకుని ఉండదు, అతుకులు అతుకులుగా ఉంటుంది. ఒక బీచ్‌లో ఎరుపు, మూడు మైళ్ళ అవతల బూడిద కనిపించడం మామూలే. మీరు వెళ్ళే బీచ్‌లో చుక్క లేకపోతే ఇటూ అటూ ఉన్న చుక్కల్ని చూసి, వాటిలో ఏది అధ్వానంగా ఉందో దాన్నే లెక్కలోకి తీసుకోండి.

గాలి ఎటు నుంచి

నీళ్ళలో కణాలు ఎన్ని ఉన్నా, మన ముక్కుకు చేరేది గాలిని బట్టే. పిన్నెలస్, సరసోటా బీచ్‌లు పడమరకు తిరిగి ఉంటాయి. పడమటి గాలి వీస్తే తుంపర మన మీదికి వస్తుంది. తూర్పు గాలి వీస్తే సముద్రం మీదికే పోతుంది. వాతావరణ రిపోర్టులో 'వెస్ట్ విండ్' అంటే పడమర వైపు వెళ్ళే గాలి కాదు, పడమర నుంచి వచ్చే గాలి. మన తెలుగులో పడమటి గాలి అన్నా అర్థం అదే.

ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఇక్కడ పొద్దున పూట ఎక్కువగా నేల మీంచి సముద్రం మీదికి గాలి ఉంటుంది. ఎండ ముదిరేకొద్దీ గాలి తిరిగి, మధ్యాహ్నం నుంచి సముద్రం మీంచి ఒడ్డుకు వీస్తుంది. ఆపైన సాయంత్రం పిడుగులతో వాన. మనవాళ్ళకు నిమజ్జనం అంటే సాయంత్రమే, ఊరేగింపూ డప్పులూ అయ్యాకే అన్న అలవాటు ఉంది. కానీ ఈ తీరంలో, ఈ కాలంలో, పొద్దున ఎనిమిదీ తొమ్మిది గంటలే నయం. ఎండ కూడా తప్పుతుంది.

గాలినీ నీళ్ళ లెక్కనూ కలిపి చెప్పే మ్యాపు కూడా ఒకటి ఉంది. అమెరికా జాతీయ సముద్ర, వాతావరణ సంస్థ నోవా, గల్ఫ్ తీర పరిశీలన సంస్థ జీకూస్ కలిసి నడిపే 'రెడ్ టైడ్ రెస్పిరేటరీ ఫోర్‌కాస్ట్' అది. బీచ్ వారీగా, ఏ పూట ఊపిరికి ఇబ్బంది ఎంత ఉండొచ్చో గంటల లెక్కన చూపిస్తుంది. పంచాంగంలో వర్జ్యం ఎప్పుడు మొదలై ఎప్పుడు పోతుందో చూసుకుంటాం కదా, ఇదీ అలాంటిదే. రోజంతా వదులుకోనక్కర్లేదు, ఆ గంటలు తప్పించుకుంటే చాలు. దీనికి కావలసిన నీటి నమూనాల్లో కొన్నిటిని వాలంటీర్లే చూసి పంపుతారు. మైక్రోస్కోపుకు ఫోను తగిలించి ఒక చుక్క నీళ్ళను వీడియో తీస్తే, కణాల్ని కంప్యూటరు లెక్కపెడుతుంది. హైస్కూల్లో సైన్సు ప్రాజెక్టు కోసం వెతుక్కునే మన పిల్లలు ఒకసారి దీని వైపు చూడండి.

ఇవి గాక, సరసోటాలోని మోట్ మెరైన్ లాబొరేటరీ వాళ్ళ బీచ్ కండిషన్స్ పేజీ కూడా పనికొస్తుంది. లైఫ్‌గార్డులూ వాలంటీర్లూ బీచ్‌లో నిలబడి, 'ఇక్కడ జనం దగ్గుతున్నారు, చచ్చిన చేపలు ఉన్నాయి, గాలి ఇటు నుంచి వీస్తోంది' అని రాసి పంపేవి అందులో ఉంటాయి. ఉపగ్రహాలెన్ని ఉన్నా, బీచ్‌లో నిలబడ్డ మనిషి మాటకు ఉన్న విలువ వేరు.

నాసా మ్యాపులో ఎరుపు

వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ఫొటోలు చాలావరకు ఈ కోవవి. ఫ్లోరిడా తీరమంతా ఎర్రగా మండుతున్నట్టు ఒక శాటిలైట్ మ్యాపు, కింద 'బీచ్‌కు వెళ్ళకండి' అని హెచ్చరిక. పంపేవాళ్ళ ఉద్దేశం మంచిదే. ఆ ఎరుపు మాత్రం చాలాసార్లు రెడ్ టైడ్ కాదు.

నాసా వరల్డ్‌వ్యూ అనే సైటు తెరిస్తే భూగోళం మొత్తం ఆ రోజు ఉపగ్రహానికి ఎలా కనిపించిందో అలాగే చూపిస్తుంది. కింద తేదీల పట్టీ ఉంటుంది, దాన్ని జరిపితే గత రోజులకు వెళ్ళవచ్చు. 'యాడ్ లేయర్స్' నొక్కి క్లోరోఫిల్ అని వెతికితే సముద్రం మీద రంగులు పరుచుకుంటాయి. క్లోరోఫిల్ అంటే ఆకుపచ్చదనమే, చెట్ల ఆకుల్లో ఉండేదే. సముద్రంలో తేలే సూక్ష్మమైన నాచులన్నిటిలోనూ అది ఉంటుంది. మ్యాపులో ఎరుపు కనిపిస్తే అక్కడ క్లోరోఫిల్ ఎక్కువని మాత్రమే ఉపగ్రహం చెబుతోంది. అది ఏ జీవిదో, విషం ఉన్నదో లేనిదో చెప్పడం లేదు.

మన తీరంలో ఇంకో తిరకాసు ఉంది. ఇక్కడ ఒడ్డు దగ్గర నీళ్ళు లోతు తక్కువ. అడుగున ఉన్న ఇసుకా సముద్రపు గడ్డీ వెలుతుర్ని వెనక్కి కొడతాయి. నదులు టీ డికాక్షన్ రంగు నీళ్ళను తెచ్చి కలుపుతాయి. వీటిని కూడా ఉపగ్రహం క్లోరోఫిల్‌గా పొరబడుతుంది. అందుకే ఏ రోజు చూసినా తీరం వెంట ఒక ఎర్రటి అంచు కనిపిస్తూనే ఉంటుంది. దాన్ని చూసి హడలిపోకండి. ఇక మబ్బులున్న చోట ఉపగ్రహానికి సముద్రం కనిపించదు, ఆ భాగం ఖాళీగా ఉంటుంది. మన చవితి రోజుల్లో మబ్బు లేని రోజు దొరకడమే కష్టం.

మరి దీనితో ఉపయోగం లేదా? ఉంది, కానీ వేరే పనికి. చుక్కల మ్యాపు ఒడ్డున కొన్ని చోట్ల ఏముందో చెబుతుంది. ఉపగ్రహం దూరాన, మనుషులు వెళ్ళి నీళ్ళు పట్టని చోట పెద్ద మచ్చ ఏదైనా తయారవుతోందా, ఒడ్డు వైపు కదులుతోందా అని రోజులూ వారాల లెక్కన చూపిస్తుంది. లీటరుకు లక్ష కణాలకు చేరువైతే గాని దానికి ఆనవాలు దొరకడం కష్టం, గొంతు అంతకు ముందే పట్టుకుంటుంది. కాబట్టి వచ్చే నెల సంగతికి ఉపగ్రహం, రేపటి సంగతికి చుక్కలూ గాలీ అని పెట్టుకోండి. తెలుగు బడి పిల్లలకు సరదాగా ఒక పని ఇవ్వాలంటే, వరల్డ్‌వ్యూలో 2018 ఆగస్టుకు వెళ్ళి, మబ్బు తక్కువగా ఉన్న రోజు వెతికి, దాన్ని వేరే ఏడాది అదే నెలతో పక్కపక్కన పెట్టి చూడమనండి. 'కంపేర్' అనే బటన్ అందుకే ఉంది.

ఇదే క్లోరోఫిల్ మ్యాపు మన వైజాగ్, కాకినాడ జాలర్లకు ఇంకోలా పనికొస్తోంది. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ, ఉపగ్రహాలు పంపే సముద్రపు వేడినీ క్లోరోఫిల్‌నూ కలిపి చూసి, చేపలు ఎక్కువగా చేరే చోట్లు ఇవీ అని తీరప్రాంతాల వాళ్ళకు తెలియజేస్తుంది. శ్రీహరికోట నుంచి 2022 నవంబరులో వెళ్ళిన ఓషన్‌శాట్ ఉపగ్రహం చేసే పనుల్లో సముద్రపు రంగు చూడటం ఒకటి. అక్కడ పడవను ఎటు తిప్పాలో ఆ రంగును బట్టి చూసుకుంటున్నారు, ఇక్కడ మనం కారు బయటికి తీయాలా వద్దా అని చూసుకుంటున్నాం.

వాన పడ్డ మర్నాడు

రెడ్ టైడ్ లేకపోయినంత మాత్రాన నీళ్ళు శుభ్రమని కాదు. గట్టి వాన తర్వాత రోడ్ల మీది మురికీ, ఒక్కోసారి పొంగిన మురుగూ బేలో కలుస్తాయి. దీనికి ఫ్లోరిడా ఆరోగ్య శాఖ 'హెల్దీ బీచెస్' మ్యాపు చూడాలి. వంద మిల్లీలీటర్ల నీళ్ళలో ఎంటెరోకాకస్ బ్యాక్టీరియా 35 దాకా ఉంటే మంచిది, 70 దాకా ఫరవాలేదు, 71 నుంచి బాగాలేదు అని లెక్క. ఇందులోనూ తేదీ చూడాలి. ఒంటి మీద తెగిన గాయం ఉన్నవాళ్ళు, ముఖ్యంగా షుగరు గానీ లివరు జబ్బు గానీ ఉన్న పెద్దవాళ్ళు, వాన తర్వాతి గోరువెచ్చని ఉప్పునీళ్ళలో దిగకపోవడమే మంచిది. తుపాను వచ్చి వెళ్ళిన రోజుల్లో అయితే అసలే వద్దు.

గుడి పత్రికలో ఇది రాయచ్చా అని మాలో మేము కాస్త తర్జనభర్జన పడ్డాం గానీ, తినే కుటుంబాలు ఉన్నాయి కాబట్టి రాస్తున్నాం. రెడ్ టైడ్ రోజుల్లో ఒడ్డున ఏరుకున్న ఆల్చిప్పల్లాంటివి వండుకోకండి. ఆ విషం ఉడికించినా పోదు, ఫ్రీజరులో పెట్టినా పోదు. లీటరుకు 5,000 కణాలు దాటితే అక్కడ వాటిని ఏరడాన్నే ప్రభుత్వం ఆపేస్తుంది. చచ్చి కొట్టుకొచ్చిన చేపల్ని ముట్టుకోవద్దని పిల్లలకు చెప్పండి.

నిమజ్జనం రోజు

ఈసారి మేము అనుకున్న పద్ధతి చెబుతాం. వారం ముందు నుంచి చుక్కల మ్యాపు రోజూ చూస్తాం. మనం పర్మిట్ తీసుకున్న బీచ్‌లో గానీ దాని ఇరుపక్కల గానీ నారింజ లేదా ఎరుపు చుక్క ఉంటే సముద్రానికి వెళ్ళం, గుడి ఆవరణలోనే పెద్ద తొట్టెలో నిమజ్జనం చేస్తాం. పసుపు ఉంటే ఆ పూట గాలినీ, రెస్పిరేటరీ ఫోర్‌కాస్టునూ చూసి తేలుస్తాం. తొట్టెలో చేస్తే శాస్త్రానికి లోటు కాదా అని అడిగేవాళ్ళు ఉంటారు, ఆ సందేహం పురోహితుల్నే అడగండి. ఉద్వాసన చెప్పాక ఇంట్లో బకెట్లో మట్టి గణపతిని కలిపి, ఆ నీళ్ళు మొక్కలకు పోసేవాళ్ళు మన ఊళ్ళలోనూ ఇప్పుడు చాలామందే ఉన్నారు.

సముద్రానికి వెళ్ళినా తొట్టెలో చేసినా, రంగులు వేయని మట్టి విగ్రహమే తీసుకురండి. పూలు, పత్రి, దారాలు, ప్లాస్టిక్ కవర్లు నీళ్ళలో వేయకండి. వాటికి వేరే డబ్బాలు పెడతాం, పత్రి గుడి తోటలో ఎరువుకు వెళుతుంది.

నిర్ణయం ఆ రోజు పొద్దున ఆరు గంటలకు చూసే మ్యాపును బట్టి. ఏడు లోపల సభ్యుల వాట్సాప్ గ్రూపులో పెడతాం, గ్రూపులో లేని పెద్దవాళ్ళకు ఫోను చేస్తాం. ఆస్తమా ఉన్నవాళ్ళు ఇన్‌హేలర్ కారులో కాకుండా చేతి సంచిలో పెట్టుకోండి. డాక్టరు వద్దన్నవాళ్ళు, లేదా మీకే అనుమానంగా ఉన్నవాళ్ళు గుళ్ళోనే ఉండిపోండి. ఉద్వాసన పూజ, హారతి గుళ్ళోనే అయ్యాకే బయల్దేరతాం, ప్రసాదం కూడా అక్కడే ఇస్తాం.